సంచికి ఒంటి కొలతలు ఉండవు: నాలుగేళ్ల కుట్టుపని తర్వాత నా మాట

నాలుగేళ్లుగా ఇంట్లో సంచులు, పర్సులు కుడుతున్నాను. లెక్క రాసుకోలేదు గానీ నూట యాభై దాటే ఉంటాయి. చూసినవాళ్లందరూ అడిగేది ఒకటే: ఇంత అవస్థపడి నేర్చుకుంటే నిజంగా మనసుకు హాయిగా ఉంటుందా? ఉంటుంది. మొదటి నెలలో మాత్రం ఉండదు. దొరికిన హాయిని మధ్యలో నేనే పోగొట్టుకున్నాను, మళ్లీ తెచ్చుకున్నాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. ఇంటికొచ్చాక కూడా బుర్రలో అంకెలే తిరిగేవి, రాత్రి నిద్ర పట్టేది కాదు. అంతకుముందు జాకెట్లు కుట్టడం నేర్చుకుందామని రెండుసార్లు క్లాసులో చేరి మానేశాను. చంక దగ్గర పావు అంగుళం తేడా వస్తే జాకెట్టు పట్టేస్తుంది. గుడ్డ కత్తిరించేటప్పుడే చేతులు వణికేవి. సంచితో ఆ బాధ లేదు. దానికి ఒంటి కొలతలు ఉండవు. అరంగుళం తగ్గితే కాస్త చిన్న సంచి అవుతుంది, అంతే. నా టెన్షన్ సగం అక్కడే పోయింది.

మిషన్ అత్తయ్యది. నల్లటి పాత తొక్కుడు మిషన్. మూలన దుప్పట్ల కింద ఉన్నదాన్ని బయటికి తీసి, దుమ్ము దులిపి, నూనె వేసి, కొత్త బెల్టు వేయించాను. తర్వాత మోటారు కూడా పెట్టించాను గానీ మందమైన చోట ఇప్పటికీ కాలితోనే తొక్కుతాను. నాలుగు పొరలు కలిసే చోట మోటారు ఒక్కసారిగా లాగేస్తుంది. పక్కనున్న చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ దించితే సూది బతుకుతుంది. నేర్చుకోవడానికి కొత్త మిషనే కొనాలని లేదు. ఇంట్లో ఉన్న పాతది బాగు చేయించుకుంటే చాలు.

మొదటి వారంలో మూడు సూదులు విరిగాయి. పాత జీన్స్ ప్యాంటు కాళ్లు కత్తిరించి సంచి కుడుతున్నాను. మా వీధి చివర టైలర్ గారి దగ్గరికి వెళ్లి చూపిస్తే, "జాకెట్లు కుట్టే సూదితో జీన్స్ కుడితే విరక్క ఏం చేస్తుందమ్మా? పదహారో నంబరు వేయండి, మరీ మందమైతే పద్దెనిమిది" అన్నారు. దారం కూడా మార్చమన్నారు. నూలు దారం సంచి బరువుకు పుటుక్కున తెగుతుంది, పాలిస్టర్ దారం ఆగుతుంది. గుడ్డ అడుగున దారం గుబురుగా చుట్టుకుంటే, కింది దారం చుట్టి ఉండే బాబిన్‌ను తిట్టుకునేదాన్ని. చాలాసార్లు తప్పు పైదారంలో ఉంటుందని చెప్పింది కూడా ఆయనే. గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి, దారం మొత్తం తీసి, మొదటి నుంచి ఎక్కిస్తే పదింట తొమ్మిదిసార్లు సరిపోతుంది, పదోసారికి దారం బిగింపు మర తిప్పాలి.

గుడ్డ గురించి చెప్పడం మొదలుపెడితే ఆగలేను. నాకు పెడన కలంకారీ అంటే ప్రాణం. చెక్క అచ్చులతో వేసిన ఆ పూలు, నెమళ్లు, ఎండిన దానిమ్మ తొక్కలాంటి ఎరుపు. అయితే గుడ్డ పలచన, సంచి నిలబడదు. వెనక బక్రం (గుడ్డను బిరుసుగా నిలబెట్టే పొర) ఇస్త్రీ చేసి అతికించాలి, లేదా కాన్వాస్ పొర వేయాలి. మంగళగిరి నూలుకు అంచే అందం. దాన్ని సంచి నోటి దగ్గరకు వచ్చేలా కత్తిరిస్తే వేరే అలంకారం అక్కర్లేదు. పోచంపల్లి ఇక్కత్‌లో డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి కదా, రెండు ముక్కలు కలిపేటప్పుడు గీతకు గీత సరిగ్గా కలవాలని పట్టుబట్టకూడదు. ఏ గుడ్డయినా ముందు ఉతికి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి. ఒకసారి ఉతక్కుండా ఎర్ర కలంకారీకి తెల్ల లైనింగ్ వేశాను. మొదటి వానకే లైనింగ్ గులాబీ రంగైంది.

మరో తప్పు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అడుగున అతుకు లేకుండా పొడుగ్గా ఒకే ముక్క తీసి మడిచి కుట్టాను. ముందువైపు నెమళ్లు చక్కగా నిలబడ్డాయి, వెనకవైపు అవే తలకిందులయ్యాయి. పైకీ కిందికీ తేడా ఉన్న అచ్చుకు రెండు ముక్కలు తీసి అడుగున కలపాల్సిందే.

ఇక జిప్పు. దీనికి భయపడి చాలామంది పర్సుల జోలికే వెళ్లరు. లోహపు జిప్పు మీద సూది పడితే సూది పోతుంది, మొదట్లో నైలాన్ జిప్పే కొనండి. జిప్పును పైగుడ్డకూ లైనింగ్‌కూ మధ్య పెట్టి, సూదికి ఒకవైపే ఉండే మిషన్ పాదం, సింగిల్ ఫుట్ వేసి కుట్టాలి. గుండుసూదులు గుచ్చితే జిప్పు వంకర పోతుంది. నేను బట్టలు ఆరేసే చిన్న క్లిప్పులు పెడతాను. పక్కలు కలపబోయే ముందు జిప్పు సగం తెరిచి ఉంచాలి. మూసేసి చుట్టూ కుట్టేస్తే పర్సును తిరగేయడానికి దారే ఉండదు. ఇది నేను మూడుసార్లు చేశాను, మూడుసార్లూ కూర్చుని కుట్లు విప్పాను.

సంచి అడుగు వెడల్పుగా రావాలంటే మూలలు కత్తిరించాలి. మూడు అంగుళాల అడుగు కావాలంటే, కుట్టుబడి (కుట్టుకూ గుడ్డ అంచుకూ మధ్య వదిలే జాగా) అన్నిచోట్లా ఒకేలా ఉంచుకుని, కింది మూలల్లో ఒకటిన్నర అంగుళం చదరాలు తీసేయాలి. పక్క కుట్టు, అడుగు కుట్టు ఎదురెదురుగా పెట్టి అడ్డంగా కుడితే సంచి తనంతట తనే నిలబడుతుంది. లైనింగ్ అడుగున నాలుగు అంగుళాలు కుట్టకుండా వదులుతాం. అన్నీ అయ్యాక ఆ కంతలోంచి మొత్తం సంచిని బయటికి లాగాలి. ముందు ఏదో మూట వస్తుంది, తర్వాత ఒక మూల, తర్వాత రంగు. పెన్ను వెనకవైపుతో మూలలు నెట్టి ఇస్త్రీ పెట్టె తాకించగానే సంచి ఆకారం తేలుతుంది. నూట యాభై సార్లు చూసినా ఆ నిమిషం నాకు పాతబడలేదు. నిద్ర పట్టడం మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. రాత్రి ఒక గంట మిషన్ ముందు కూర్చుంటే అంకెలు గుర్తుకొచ్చేవి కావు. కుట్టు వరస తప్పకూడదు కాబట్టి చూపూ ధ్యాసా అక్కడే ఉంటాయి.

రెండో ఏడాది బంధువుల పెళ్లికి నూట ఇరవై తాంబూలం సంచులు కుట్టి ఇస్తానని ఒప్పుకున్నాను. మూడు వారాల గడువు. ఒకే సైజు, ఒకే జరీ అంచు, ఒకే తాడు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పన్నెండు దాకా తొక్కాను. మెడ పట్టేసింది, పిల్లల మీద విసుక్కున్నాను. చివరి పది సంచులు చూస్తే నాకే సిగ్గేసింది. పెళ్లయ్యాక రెండు నెలలు మిషన్ మూత తీయలేదు. ఈ పనితోనే ఇల్లు నడుపుతున్న ఆడవాళ్ల మీద గౌరవం మాత్రం పదింతలైంది. వాళ్లు చెప్పిన రేటుకు నేనిక బేరం ఆడను. అప్పటి నుంచి డబ్బుకు కుట్టడం మానేశాను. ఎవరైనా అడిగితే నా వీలును బట్టి ఒకటి కుట్టి ఇస్తాను.

మన్నిక సంగతి. మొదటి సంచి హ్యాండిళ్లు ఐదు కిలోల బియ్యానికే ఊడాయి. పట్టీని నోటి అంచుకు ఒక్క వరస వేసి వదిలేశాను మరి. ఇప్పుడు పట్టీ కొసను రెండు అంగుళాలు కిందికి దించి, చుట్టూ చదరంగా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకు అడ్డంగా రెండు గీతలు వేస్తాను. అలా కుట్టిన జీన్స్ సంచితో మూడేళ్లుగా రైతుబజారుకు వెళ్తున్నాను. ఆనపకాయలు, దుంపలు, కొబ్బరికాయలు ఎన్ని మోసినా కుట్టు కదల్లేదు, రంగు మాత్రం వెలిసింది.

ఈ వారం మిషన్ మీద ఉన్నది అమ్మ పాత మంగళగిరి చీర. కొంగు చిరిగింది గానీ అంచు గట్టిగా ఉంది. హాస్టల్‌కు వెళ్తున్న మా పెద్దమ్మాయికి భుజాన వేసుకునే సంచి కుడుతున్నాను. లోపల ఫోనుకు ఒక జేబు, తాళాలకు ఒక చిన్న ఉంగరం అడిగింది. నిన్న జేబు ఒకవైపు పావు అంగుళం కిందికి పడింది. విప్పేశాను, ఈ రాత్రి మళ్లీ కుడతాను.