భుజానికి సుఖం, చేతికి మసి: సెమీ ఆటో షాట్‌గన్‌తో రెండేళ్లు

ఈ 12 బోరు సెమీ ఆటోమేటిక్‌తో రెండేళ్లలో నాలుగు వేల తూటాలు కాల్చి ఉంటాను. ఎక్కువగా క్లేల మీద (గురి కోసం గాల్లోకి విసిరే బిళ్లలు), మిగిలినవి బాతుల వేటలో. అంతకుముందు నాది డబుల్ బ్యారెల్. 25 క్లేల రౌండ్లు నాలుగు ఆడితే మర్నాడు చెయ్యి పైకి లేచేది కాదు, అందుకే మారాను.

ఇది గ్యాస్‌తో నడిచే రకం. తూటా పేలినప్పుడు పుట్టే గ్యాస్ కొంత బ్యారెల్ రంధ్రాల్లోంచి దిగి పిస్టన్‌ను తోస్తుంది. దాంతో బ్యారెల్‌ను వెనకనుంచి మూసి ఉంచే బోల్ట్ వెనక్కి వెళ్లి ఖాళీ షెల్‌ను విసిరేస్తుంది, తిరిగి వస్తూ కొత్త తూటాను ఎక్కిస్తుంది. ఆ కాస్త వ్యవధిలో దెబ్బ పరుచుకుపోతుంది. గుద్దినట్టు కాదు, నెట్టినట్టు ఉంటుంది. ఇప్పుడు వంద కాల్చినా నా భుజం హాయిగానే ఉంది.

కానీ గ్యాస్‌తోపాటు మసీ వస్తుంది. ఒక చలి తెల్లవారుజామున బాతుల గుంపు సరిగ్గా నెత్తిమీదికి వచ్చింది. మొదటిది పేలింది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కితే చప్పుడే లేదు. చూస్తే ఖాళీ షెల్ సగం బయటికి పొడుచుకొచ్చి బోల్ట్ నోట్లో ఇరుక్కుంది. ఇంటికొచ్చి బ్యారెల్ కింద చెయ్యి పట్టే భాగం, ఫోర్‌ఎండ్, విప్పితే పిస్టన్ చుట్టూ నల్లటి పెచ్చు, గోటితో గీకినా రాలేదు. తప్పు నాదే. నూనె దండిగా పూశాను, దానికి మసి పట్టి చలికి జిగురైంది. ఇప్పుడు ప్రతి 250 తూటాలకీ విప్పి తుడుస్తాను, పిస్టన్‌ను దాదాపు పొడిగానే ఉంచుతాను. ఆ తర్వాత ఒక్కసారీ ఇరుక్కోలేదు.

కొత్తలో 24 గ్రాముల గుళ్లుండే తేలిక తూటాలు దీన్ని సరిగా నడపలేదు. కొన్ని వందలు 28 గ్రాములవి కాల్చాక అవీ సాఫీగా పోతున్నాయి.

నాకు అన్నిటికన్నా పనికొచ్చినవి పెట్టెలో వచ్చిన షిమ్‌లు, అంటే తుపాకీ మడమ (భుజానికి ఆనించే కర్ర) ఎత్తు మార్చడానికి దాని మొదట్లో పెట్టే పలచటి బిళ్లలు. నా గుళ్లు ఎప్పుడూ క్లే కిందినుంచే పోయేవి. షిమ్ మార్చి మడమను కొంచెం ఎత్తగానే అవే క్లేలు పొడిపొడి అయ్యాయి. చోక్‌లకన్నా (గుళ్లు ఎంత విస్తరించాలో నిర్ణయించే బ్యారెల్ మూతి బిగింపులు) ముందు దీన్ని సరిచూసుకోండి. చోక్‌లలో క్లేలకు ఇంప్రూవ్డ్ సిలిండర్, బాతులకు మాడిఫైడ్ నాకు సరిపోయాయి.

ట్రాప్ (క్లేలను కాల్చే ఆట) వరసలో నిలబడితే ఖాళీ షెల్లు కుడిపక్కవాళ్ల మీద పడతాయి, షెల్ క్యాచర్ తగిలించుకోవాలి. డబుల్ బ్యారెల్‌ను మధ్యలో మడిచి తెరిస్తే ఖాళీయో కాదో దూరంనుంచే అందరికీ కనిపిస్తుంది. దీనికి ఆ వెసులుబాటు లేదు. అందుకే బోల్ట్ వెనక్కి లాగి ఉంచి, చాంబర్‌లో (తూటా కూర్చునే చోటు) వేలు పెట్టి చూసుకుని, మిగతా తూటాలుండే మ్యాగజైన్ గొట్టం కూడా తడిమాకే దీన్ని ఎవరి చేతికైనా ఇస్తాను.