యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో ఇటలీ: 1,100 గంటల తర్వాత ఒక లారీ డ్రైవర్ కొడుకు మాట

మాది చీమకుర్తి పక్క ఊరు. మా నాయన ఇరవై ఆరేళ్లు గ్రానైట్ బ్లాకులు తోలాడు. క్వారీలో ఎత్తించుకుని ఒంగోలు మీదుగా హైవే ఎక్కి, కృష్ణపట్నం రేవుకో చెన్నై హార్బరుకో దించి రావడం ఆయన పని. నేనేమో హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని లారీ తోలుతుంటాను. ఇంట్లోవాళ్లు నవ్వినా పట్టించుకోను. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఈ ఆట మీద నా లెక్క 1,100 గంటలు దాటింది. సగానికి పైగా ఇటలీ రోడ్ల మీదే గడిచింది కాబట్టి ఈ సమీక్ష ఇటలీ గురించే.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ప్రాగ్ నగరంలోని ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ 2012 అక్టోబరులో విడుదల చేసిన ఆట ఇది. మొదట్లో జర్మనీ, దాని చుట్టుపక్కల దేశాలు ఉండేవి. తర్వాత ఒక్కో ప్రాంతాన్నీ విడిగా అమ్ముతూ వచ్చారు. అలా 2017 డిసెంబరు 5న వచ్చిందే 'ఇటాలియా'. మిలానో, టొరీనో, వెరోనా, వెనిస్ అసలు ఆటలోనే ఉన్నాయి. ఇటాలియా కొంటే బొలోన్యా నుంచి కిందకు, బూటు ఆకారంలో ఉండే ఆ దేశపు మడమా ముని వేళ్లూ దాటి సిసిలీ దాకా తోలుకోవచ్చు. అసలు ఆట లేకుండా ఇది ఒక్కటే కొంటే ఉపయోగం లేదు, ముందే చెబుతున్నా.

అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవాల్సింది కొలత. ఊళ్ల బయట ఇందులో ప్రపంచాన్ని పంతొమ్మిదో వంతుకు కుదించారు. మిలానో నుంచి నేపుల్స్ వెళ్లే ఏ1 రోడ్డు నిజంగా దాదాపు 760 కిలోమీటర్లు. ఆటలో తోలేది 40. ఎనభై స్పీడులో పోతే అరగంటలో ఇటలీ నడుము దాకా దిగిపోతారు. మన హైదరాబాద్-విజయవాడ రోడ్డును ఇదే కొలతలో గీస్తే పదకొండు నిమిషాల్లో ముగుస్తుంది, సూర్యాపేటలో టీకి ఆగే టైము కూడా ఉండదు. ఆటలో గడియారం కూడా ఆ లెక్కనే పరిగెత్తుతుంది. పదకొండు గంటలు తోలాక డ్రైవరుకు ఆవలింతలు మొదలవుతాయి, తెర మూతలు పడుతుంది, ఎక్కడో ఒకచోట ఆపి పడుకోవాలి. మన గడియారంలో అది ముప్పై అయిదు నిమిషాలు. నాయన మొదటిసారి పక్కన కుర్చీ వేసుకుని చూసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. "అరగంటకే నిద్రొచ్చిందంట్రా మావోడికి" అని అమ్మను పిలిచి మరీ చెప్పాడు.

కుదించినా రోడ్డు స్వభావం చెడలేదు. ఈ ఇటలీలో నాకు బాగా నచ్చింది అదే. ఏ1ను 1956లో మొదలుపెట్టి 1964కల్లా ముగించారు. యుద్ధంలో నలిగిన దేశం ఎనిమిదేళ్లలో కొండలు తొలిచి, లోయల మీద వంతెనలు కట్టి పరుచుకున్న రోడ్డు. బొలోన్యా దాటి ఫ్లోరెన్స్ వైపు తిరిగాక అపెనైన్ కొండలు మొదలవుతాయి. సొరంగం, వంతెన, మళ్లీ సొరంగం. చీకట్లోంచి వెలుతురులోకి వచ్చేసరికి బండి కింద లోయ. ఇరవై అయిదు టన్నుల లోడుతో ఎక్కుతుంటే గేర్లు ఒక్కోటీ దిగుతుంటాయి, ఎడమ పక్క కార్లు జుయ్యిమని పోతుంటాయి. కుడి పక్క వరసలో మనలాంటి ఇంకో నాలుగు లారీలు చీమల బారులా వెళుతుంటాయి. ఇందులో బండి రోడ్డుకు కుడి పక్కన నడుస్తుంది, స్టీరింగు ఎడమ వైపు ఉంటుంది. నాకు అలవాటు కావడానికి వారం పట్టింది. "రాంగు సైడు పోతున్నావురా" అని నాయన ఇప్పటికీ అంటాడు.

బోర్డుల విషయంలో ఒక చిన్న సంగతి. ఇటలీలో హైవేల బోర్డులు ఆకుపచ్చగా, మామూలు రోడ్లవి నీలంగా ఉంటాయి. పక్కనున్న ఫ్రాన్సులో దీనికి తలకిందులు. ఫ్రాన్సు నుంచి దిగిన కొత్తలో నేను నీలం బోర్డు చూసి హైవే అనుకుని ఏదో పల్లెటూరి సందులో ఇరుక్కున్నాను. రెండిళ్ల మధ్య ట్రైలర్ తిప్పడానికి ఇరవై నిమిషాలు.

తూర్పు తీరం వెంట పోయే ఏ14 నాకిష్టమైన దారి. బొలోన్యా నుంచి టరాంటో దాకా ఉంటుంది. అంకోనా దాటి పెస్కారా వైపు దిగుతుంటే ఎడమ చేతి వైపు ఏడ్రియాటిక్ సముద్రం కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది. ఆటలో పొద్దున ఆరింటికి అక్కడుండేలా లోడు ఎంచుకుంటాను. మా ఒంగోలు హైవేకీ సముద్రం పక్కనే ఉంటుందిగానీ, లారీ క్యాబిన్లోంచి దాన్ని చూసిన గుర్తు లేదు. దక్షిణాన సలేర్నో నుంచి రెజ్జో కలాబ్రియా వెళ్లే రోడ్డు వేరే రకం. నిజ జీవితంలో ఆ దారిని బాగుచేసే పనులు ఎన్నేళ్లు సాగాయంటే, ఇటలీలో ఏ పనీ తెమలదని చెప్పాలంటే దాన్నే చూపించేవాళ్లు. చివరికి 2016 డిసెంబరులో అయిందనిపించారు. ఇప్పుడు దాని పేరు ఏ2, టోలు కూడా లేదు.

ఆ రోడ్డు చివర విల్లా సాన్ జొవాన్నీ వస్తుంది. అక్కడినుంచి మెస్సీనాకు పడవ. ఇరుకుగా ఉన్నచోట జలసంధి మూడు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. వంతెన కడతాం కడతాం అని దశాబ్దాలుగా అంటూనే ఉన్నారు. ఆటలో రేవులో గుర్తు మీద బండి ఆపి మీట నొక్కితే డబ్బు పోతుంది, టైము పోతుంది, అవతల తేలతాం. పడవ ఎక్కించడం, పక్క లారీకి జానెడు దూరంలో ఆపడం, అద్దాలు మడవడం లాంటివేమీ లేవు. ఆ ఒక్కచోట నన్ను మోసం చేశారనిపిస్తుంది. సిసిలీలో కటానియా మీద ఎట్నా అగ్నిపర్వతం కనిపించగానే కోపం తగ్గుతుంది.

ఊళ్ల సంగతి పెద్దగా లేదు. రోమ్ అనగానే కలోసియం పక్కన లారీ ఆపి ఫోటో దిగుదామనుకుంటే దెబ్బతింటారు. మీకు దక్కేది రింగు రోడ్డు, గోడౌన్లు, రెండు మూడు సిగ్నళ్లు. మొదట్లో తిట్టుకున్నాను. "లారీవోడికి ఏ ఊరైనా బైపాసూ గోడౌనే గదరా. మద్రాసులో హార్బరు తప్ప నేనేం చూశా" అని నాయన అన్నాక తిట్టడం మానేశాను. అయితే ఒక లోటు మాత్రం ఒప్పుకోవాలి. 2012లో గీసిన ఉత్తరాది ఊళ్లకూ 2017లో గీసిన దక్షిణాదికీ తేడా నేను కొన్నప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించేది. వెరోనాలో చెట్లు అట్టముక్కల్లా ఉంటే, దిగువన ఆలివు తోటల్లో ఆకు ఆకూ లెక్కపెట్టొచ్చు.

ఇక కరారా. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే.

టస్కనీలో అపువాన్ కొండల్లో ఉంది కరారా. తెల్ల పాలరాతికి రోమన్ల కాలం నుంచీ పేరు. మైకెలాంజెలో డేవిడ్ శిల్పం చెక్కింది ఆ రాయిలోనే. క్వారీ లారీలు ఊరి మధ్యలోంచి తిరగకుండా 2012లో వాటికి ప్రత్యేకంగా సొరంగాల రోడ్డు కూడా వేశారు. మా చీమకుర్తి గెలాక్సీ, ఆ నల్లరాయిలో బంగారు చుక్కలుండేది, అది కూడా ఓడలెక్కి ఇటలీకి పోతుంది. నాయన దించిన బ్లాకుల్లో కొన్ని ఆ దేశంలో కోతకు గురై ఉంటాయనడంలో నాకు సందేహం లేదు. ఆటలో ఆ పాలరాతి క్వారీ ఉందని తెలిసిన రోజు నాయనకు ఫోన్ చేశాను. సంక్రాంతికి ఇంటికి వెళ్లేటప్పుడు లాప్‌టాప్, స్టీరింగు వీలు రెండూ మోసుకెళ్లాను.

క్వారీ పైన లోడు తగిలించుకుంటే తెల్లగా మెరిసే బ్లాకులు. పాలరాయి ఘనపు మీటరుకు 2.7 టన్నులు. మూడు మీటర్ల పొడవు, మీటరున్నర ఎత్తు, అంతే వెడల్పున్న బ్లాకు ఒక్కటే 18 టన్నులు తూగుతుంది. కిందకు దిగే దారి కొండ అంచున గీసిన గీతలా ఉంటుంది. ఒక పక్క కోసిన రాతి గోడ, ఇంకో పక్క ఖాళీ. మలుపులో క్యాబిన్ అవతలి అంచుకు వెళ్లేదాకా స్టీరింగు తిప్పకూడదు, లేకపోతే ట్రైలర్ వెనక చక్రాలు లోపలి రాళ్లు ఎక్కేస్తాయి. నేను బ్రేకు మీద బ్రేకు తొక్కుతూ దిగుతున్నాను. ఆటలో గాలి బ్రేకులను నిజంలా పెట్టుకునే వీలుంది. అలా పెట్టుకుంటే, ఊరికే తొక్కితే గాలి ఒత్తిడి పడిపోయి చక్రాలు పట్టేస్తాయి. మూడో మలుపులో నాకు సరిగ్గా అదే అయింది.

"ఏందిరా ఆ తొక్కుడు? ఎగ్జాస్టు బ్రేకు లేదా దీనికి? ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగాల" అన్నాడు నాయన. ఉంది, బ్రేకు తొక్కకుండానే బండి వేగాన్ని ఆపిపట్టే రిటార్డర్ కూడా ఉంది. అన్ని గంటలు ఆడి నేను దాన్ని సరిగా వాడనే లేదు. ఆయన చెప్పినట్టు గేరు తగ్గించి, రిటార్డర్ రెండో మెట్టులో పెట్టి, కాలు పక్కన పెట్టుకుని దిగాను. బండి బుద్ధిగా నడిచింది. నిజం లారీ ఎన్నడూ తోలని నాకు లారీ తోలడం నేర్పడానికి మా నాయనకు పనికొచ్చిందంటే, ఇందులో బరువూ వాలూ ఎంత సరిగా కుదిరాయో మీరే చూసుకోండి.

కుదరనిది డ్రైవరు బతుకు. లోడు ఎప్పుడూ సిద్ధంగా కట్టి ఉంటుంది. లోడు వంతు కోసం సీరియల్లో రెండు రోజులు పడిగాపులు లేవు, కిరాయి బేరం లేదు, హమాలీలతో గొడవ లేదు, బ్రేకు ఇన్‌స్పెక్టరు లేడు, కాటా లేదు. ఇదే సంస్థ చేసిన అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్‌లో మాత్రం కాటా ఉంది. ఇటలీలో ఆదివారాలు, పండుగ రోజుల్లో ఏడున్నర టన్నులు దాటిన లారీలను ఊళ్ల బయట రోడ్లమీద నిర్ణీత గంటల్లో తిరగనివ్వరు. ఆ నియమం కూడా ఆటలో లేదు, ఆదివారం హాయిగా తోలుకోవచ్చు. లోను తీసుకుని బండి కొనొచ్చు, డ్రైవర్లను పెట్టుకోవచ్చు. యాభై గంటలయ్యాక డబ్బు లెక్కే ఉండదు. ఇరవై ఆరేళ్లు తోలి ఒక్క సొంత బండి కొని, వాయిదాలు కట్టలేక అమ్ముకున్న మనిషి పక్కన కూర్చుని నా పద్నాలుగు లారీల లెక్క చూశాడు. ఏమీ అనలేదు. నేనే ఆ పేజీ మూసేశాను.

సామాను గురించి అడిగేవాళ్లకు: కీబోర్డుతో ఆడొచ్చుగానీ కరారాలో ఏడుస్తారు. 900 డిగ్రీలు తిరిగే స్టీరింగు వీలు ఉంటే ఇది వేరే ఆట. నేను ఆన్‌లైన్లో కొన్న మొదటి వీలు ఎనిమిది నెలలకే బ్రేకు పెడల్ చచ్చింది. అమ్మినవాళ్లు వారంటీ అంటే నెల రోజులు తిప్పారు, కాబట్టి బిల్లు దాచుకోండి. మామూలు గేమింగ్ లాప్‌టాప్ చాలు. 2021లో వచ్చిన కాన్వాయ్ పద్ధతిలో ఎనిమిది మంది కలిసి తోలొచ్చు. డల్లాస్‌లో ఉన్న మా బామ్మర్దీ నేనూ శనివారాలు పలెర్మో ట్రిప్పులు వేస్తుంటాం. వాడు ముందు పోతే నేను బతికి బయటపడను.

తొందరగా గెలవాలి, కాల్చాలి, దూకాలి అనుకునేవాళ్లు కొనొద్దు. రాత్రి పదింటికి అందరూ పడుకున్నాక పాత పాటలు పెట్టుకుని ఒక గంట రోడ్డు చూస్తూ కూర్చోగలిగితే, సేల్ వచ్చినప్పుడు ఇటాలియాతోనే మొదలుపెట్టండి. నా వరకు పదికి ఎనిమిదిన్నర.

మొన్న ఉగాదికి మళ్లీ ఇంటికి వెళ్లినప్పుడు నాయన తనే స్టీరింగు పట్టుకున్నాడు. క్వారీ నుంచి కింద దాకా ఒక్క గీత పడకుండా దించాడు. నేను పది నిమిషాల్లో దిగే దారికి పాతిక నిమిషాలు తీసుకున్నాడు. కింద చదునుగా ఉన్నచోట బండి పక్కకు తీసి ఆపాడు. మీటల వైపు వెతుకుతున్నాడు.

"ఏం కావాలి నాయనా?"

"గొలుసులు సడలినయ్యేమో చూసుకోవద్దా? కిందకి దిగే మీట ఏది?"

అలాంటి మీట లేదన్నాను. బయటి కెమెరా పెట్టి బ్లాకుల చుట్టూ తిప్పి చూపించాను. ఒక్కో గొలుసు దగ్గరా ఆపమన్నాడు.