లారీ కమాను పట్టీతో చేయించిన విసురుకత్తులు: కొలిమి పని ఎలా ఉందంటే

గురికి విసిరే కత్తులు మూడు, లారీ కమాను పట్టీ నుంచి కమ్మరి కొలిమిలో చేయించినవి. ఒక్కోటి ఆరు వందలు. అట్టముక్క మీద అచ్చు కత్తిరించి ఇస్తే పది రోజుల్లో చేతికొచ్చాయి. ఇనుము మేలైనది, సమ్మెట పని నిండుగా ఉంది. చిక్కల్లా ఒకటే: కొడవలికి, మచ్చుకత్తికి మంచిదైన ప్రతి అలవాటూ విసురుకత్తికి చెడుపు చేస్తుంది. అది ముందే విడమరిచి చెప్పాలి.

కొలతలు: పొడవు 30 సెం.మీ., వెడల్పైన చోట 3.5 సెం.మీ., మందం 5 మి.మీ. బరువులు 296, 301, 322 గ్రాములు. మొదటి రెండూ జోడీ కుదిరాయి, పెన్ను మీద అడ్డంగా పెడితే సరిగ్గా నడుమ నిలుస్తాయి. మూడోదానికి పట్టు దగ్గర మందం మిగిలిపోయి తూకం నిలిచే చోటు ఆరు మి.మీ. వెనక్కి జరిగింది. అదే చేత్తో అంతే దూరం నుంచి విసిరినా ఇది వేరేగా తిరిగి, మొన బదులు పక్క తగులుతుంది. సెట్టులో ఐదు గ్రాములకు మించి తేడా ఉండకూడదు. పట్టు మీద పది సెం.మీ. మేర ఒక మి.మీ. అరగదీస్తే ఇది దారికొస్తుంది. గ్రైండర్ పెట్టేవాళ్లు మధ్యమధ్య నీళ్లలో ముంచుతూ పోవాలి.

అసలు పని కాకలో, అంటే ఉక్కును కాల్చి, ముంచి, మళ్లీ వేడి చేయడంలో ఉంది. కొడవలికి అంచు గట్టిగా ఉంటే చాలు కాబట్టి కమ్మరి అంచు వరకే నీళ్లలో ముంచుతాడు. కమాను ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే చీలిపోయే ప్రమాదముంది. అయస్కాంతం అంటుకోవడం మానేశాక ఇంకాస్త కాల్చి నూనెలో ముంచాలి. వెంటనే మళ్లీ వేడి చేసి పెళుసుతనం తీయాలి. వేడి పెరిగేకొద్దీ ఉక్కు మీద రంగు మారుతుంది; ఇక్కడే చాలామంది ఎండుగడ్డి రంగు రాగానే ఆపేస్తారు. వంటింటి కత్తికి అది సరే. విసురుకత్తి నీలం దాటి బూడిదవైపు తిరగాలి, అంటే 350 నుంచి 400 డిగ్రీలు. ఇంట్లో కేకులు చేసే ఓవెన్ 250 దగ్గరే ఆగిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు.

సరిగ్గా కుదిరిందో లేదో ఆకురాయి చెబుతుంది. కాస్త బిగువుగా కొరికితే మంచిది. గాజు మీద జారినట్టు జారితే ఇంకా పెళుసే. రెండు కత్తులు పరీక్ష నెగ్గాయి, ఒకదాని మొన దగ్గర ఆకురాయి జారడంతో మళ్లీ కాక పెట్టించాల్సి వచ్చింది. వాడకంలో మొన రెండు మి.మీ. వంగితే కంగారు అక్కర్లేదు, దాకలి మీద చల్లగానే కొట్టి సరిచేయవచ్చు. విరిగితే మాత్రం ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.

రెండు అంచులకూ సాన పట్టి ఇచ్చారు. అదీ అలవాటే. దిగాల్సింది మొన. అంచు పదునుగా ఉంటే మొనవైపు పట్టి విసిరినప్పుడు చెయ్యి కోసుకుంటుంది. రెండు మి.మీ. మందం మిగిలేలా అంచులు మొద్దు చేయించాం. మొన కూడా సూదిలా వద్దు.

చెక్క పిడి వద్దని చెప్పి చేయించడం మంచి నిర్ణయం. దెబ్బదెబ్బకూ రివెట్లు వదులై చెక్క పగులుతుంది. తాడు చుట్టినా జారుడు తగ్గి, కత్తి చేతిలోంచి ఒక్కోసారి ఒక్కోలా వదులుతుంది. ఒంటి ఉక్కే నయం. కత్తికి కత్తి తగిలి లేచిన ముళ్లను ప్రతిరోజూ ఆకురాయితో తీసేయాలి.

బూరుగులాంటి మెత్తని కర్రను అడ్డంగా కోసిన దుంగ ముక్క గురికి బాగుంటుంది. కోసిన ముఖం మనవైపు ఉండాలి, అప్పుడు మొన నారల మధ్య దిగుతుంది. మొదట మూడు మీటర్ల దగ్గర నిలబడి, కత్తి గాల్లో ఒక చుట్టు తిరగడానికి సరిపోయేలా అంగుళం అంగుళం ముందుకీ వెనక్కీ జరగాలి. తప్పిన కత్తి మీటర్ల దూరం వెనక్కి ఎగిరొస్తుంది, చూసేవాళ్లు విసిరేవారి వెనకే ఉండాలి.

మన ఆయుధ నిబంధనల్లో కత్తులకు 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు అనే హద్దులున్నాయి. వీటి మొనభాగం 17 సెం.మీ. మాత్రమే. అయినా బయట చేతపట్టుకు తిరిగే వస్తువు కాదు.

చేయించేవాళ్లు పాత పట్టీ ఇస్తే ముందు కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లండి. కంటికి కనబడని పగులు ఉంటే పొడి మీద తడి గీత తేలుతుంది. ఆ ముక్క వద్దు.