క్లౌన్ లోచ్‌లకు తెల్లమచ్చలు: వేడి, ఉప్పు, మందు మూడూ వాడి చూశాక

క్లౌన్ లోచ్‌లనే అక్వేరియం చేపల్ని పెంచేవాళ్లకి తెల్లమచ్చల జబ్బు పిలవని చుట్టం. కొత్త చేపను తెచ్చి వదిలినా, నీళ్లు కాస్త చల్లబడినా ముందు వీటికే అంటుకుంటుంది. పొలుసుల్లేని చేపలంటారు గానీ నిజానికి ఉంటాయి, కంటికి ఆననంత చిన్నవి. అందుకే మందు ఘాటుకి తట్టుకోలేవు. ఏళ్ల తరబడి వేడి, ఉప్పు, మలకైట్ గ్రీన్ అనే రంగుమందు మూడూ వాడాను. నా ఓటు వేడికే.

తోక మీద ఉప్పు రవ్వలా కనిపించేది చర్మం కింద దాక్కున్న పరాన్నజీవి. అక్కడున్నంతసేపు ఏ మందూ దాన్ని ఏమీ చేయలేదు. బలిశాక రాలిపోయి, ట్యాంక్ అడుగున పరిచిన గ్రావెల్ (గులకరాళ్లు)లో గూడు కట్టుకుని వందల పిల్లలుగా విడిపోతుంది. అవి చేపను వెతుక్కుంటూ నీళ్లలో తిరిగే ఒకటి రెండు రోజుల్లోనే మనకు దొరుకుతాయి. 25 డిగ్రీల దగ్గర ఈ చక్రమంతా వారం లోపే తిరుగుతుంది, చల్లటి నీళ్లలో వారాలు పడుతుంది.

నేను రోజుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచుతూ 30కి తీసుకెళ్తాను. అక్కడ ఈ పరాన్నజీవిలో చాలా రకాలు పిల్లల్ని పెట్టలేవు. మొదట్లో మచ్చలు తగ్గకపోగా పెరుగుతాయి, అసలు టెన్షన్ అప్పుడే. వేడికి చక్రం వేగంగా తిరగడం వల్ల అలా కనిపిస్తుంది, కంగారుపడి మందు పోయకండి. హీటర్ మీది అంకెను నమ్మకుండా విడిగా థర్మామీటర్ పెట్టండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ రాత్రీ పగలూ నడవాలి. లోచ్‌లు పైకొచ్చి నోరు తెరుస్తుంటే మచ్చల సంగతి పక్కనపెట్టి ముందు గాలి చూడండి. వీలైనప్పుడల్లా సైఫన్ గొట్టంతో గ్రావెల్ అడుగు లాగేస్తే సగం గూళ్లు బయటికి పోతాయి. ఈ పని బోరే, కానీ ఏ సీసా మందూ దీనికి సాటి రాదు. ఆఖరి మచ్చ పోయాక కూడా పది రోజులు వేడి దించను.

అన్ని చేపలకీ ఇది కుదరదు. హిల్‌స్ట్రీమ్ లోచ్‌లు, పెప్పర్డ్ కోరీలు చల్లటి నీళ్లవి, 30 దగ్గర వాటికి జబ్బు కన్నా వేడే ప్రమాదం. పైగా ఈ పరాన్నజీవిలో వేడికి లొంగని రకాలూ ఉన్నాయి. అప్పుడే మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ కలిపిన నీళ్లు) కలిసిన మందు తీస్తాను. డోసు సగమే, రోజులు మాత్రం ఎక్కువ. ఫిల్టర్‌లోంచి కార్బన్ తీసేయాలి, లేదంటే మందంతా అదే పీల్చేస్తుంది. ఫార్మలిన్ కూడా ఆక్సిజన్‌ని తగ్గిస్తుంది కనుక 30 డిగ్రీల వేడితో కలిపి వాడను. సీసా అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటే పారేయాల్సిందే, అది చేపలకు విషం. గ్లౌజులు తప్పనిసరి. ట్యాంక్ మూలల్లోని సిలికాన్‌కి పట్టిన ఆకుపచ్చ మరక మాత్రం ఇక పోదు.

ఉప్పు మీద నాకు పెద్ద గురి లేదు. లీటరుకి ఒకటి రెండు గ్రాములు లోచ్‌లు ఓర్చుకుంటాయి గానీ కొన్ని మొక్కలు వాడిపోతాయి. మొక్కల్లేని ట్యాంక్‌లో వేడికి తోడుగా వాడుకోవచ్చు. రాగి మందుల జోలికి నేనెప్పుడూ పోలేదు: నత్తలు, రొయ్యలు బతకవు, లోచ్‌లు కూడా తట్టుకోవు.