రొదలో తెలుగు, రొదలో ఉర్దూ

మహబూబ్‌నగర్ బస్టాండులో డెబ్బయ్యేళ్లు దాటిన మా నాయన పక్కన కూర్చుంటే, ఒకే రొదలో రెండు భాషలు ఆయన చెవికి ఎంత వేరుగా అందుతాయో తెలుస్తుంది. "దేవరకొండ బస్సు వచ్చింది" అని ఎవరైనా తెలుగులో అంటే, ఇంజను మోతలో సగం మాట మునిగిపోయినా, మిగతా సగాన్ని ఆయన తనంతట తానే పూరించుకుంటారు. అదే మాట ఉర్దూలో వినబడితే, చిన్ననాటి నుంచి అంగట్లో ఆ భాష మాట్లాడినవారే అయినా, "ఏమంటుండు?" అని నా వైపు తిరుగుతారు.

వయసుతో వినికిడి తగ్గేటప్పుడు సాధారణంగా ముందు మసకబారేవి హెచ్చు పౌనఃపున్యపు ధ్వనులు, అంటే సన్నగా, కీచుగా వినబడేవి. స, శ, ఫ వంటి హల్లులను గుర్తుపట్టించే ఆనవాళ్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి, అచ్చులు మాత్రం బలంగానే అందుతాయి. "మాట వినబడుతుంది గానీ అర్థం కాదు" అని పెద్దలు అనేది అందుకే. మాతృభాషలో ఈ లోటును పదసంపద, సందర్భం చాలావరకు తీరుస్తాయి. రెండో భాషలో ఊహకు ఆ వేగం ఉండదు, పైగా వినడానికే శ్రమంతా ఖర్చవడంతో విన్నది గుర్తుండడమూ కష్టమవుతుంది. నిశ్శబ్దమైన గదిలో ఈ తేడా అంతగా కనబడదు.

వినికిడి యంత్రం మాటను పెంచుతుంది గానీ, రొదను పూర్తిగా వేరుచేయలేదు. కనుక ఆయనకు మందుల వేళలు చెప్పేటప్పుడు గొంతు పెంచడం కంటే, ఫ్యాను ఆపి, ముఖం కనబడేలా ఎదురుగా కూర్చుని, తెలుగులో నిదానంగా చెప్పడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను.