జెడ్ టెస్టా, ఎగ్జాక్ట్ బైనామియల్ టెస్టా?

నాణేన్ని 12 సార్లు ఎగరేస్తే 9 సార్లు బొమ్మ పడింది. మొగ్గు బొమ్మ వైపే ఉందా? శూన్య పరికల్పన (నాణేనికి ఏ మొగ్గూ లేదనే ఊహ) ప్రకారం బొమ్మ అనుపాతం 0.5, అంటే 12లో సగటున 6 బొమ్మలు.

గంట ఆకారపు నున్నటి వంపుతో అంచనా వేసే జెడ్ టెస్ట్‌లో 9 − 6ను ప్రామాణిక విచలనం (ఫలితాలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే కొలత) 1.732తో భాగిస్తే జెడ్ 1.73, ఏకపక్ష పి-విలువ (మొగ్గు లేకపోయినా ఇన్ని లేదా అంతకన్నా ఎక్కువ బొమ్మలు పడే సంభావ్యత) 0.042. ఇది 0.05 కన్నా తక్కువ కాబట్టి 5 శాతం స్థాయిలో పరికల్పనను కొట్టేయొచ్చు.

ఇక అవకాశాలన్నిటినీ నేరుగా లెక్కపెట్టే బైనామియల్: 9 లేదా అంతకన్నా ఎక్కువ బొమ్మలు పడే విధాలు 220 + 66 + 12 + 1 = 299, మొత్తం 4096. పి-విలువ 0.073. కొట్టేయలేం! డేటా అదే, తీర్పు తలకిందులు.

మెట్లుమెట్లుగా ఉన్న పంపిణీ మీద నున్నటి వంపు పరిచినందుకే ఈ తేడా. అరమెట్టు వెనక్కి, 8.5 నుంచి లెక్కిస్తే జెడ్ కూడా 0.074 అంటుంది. ఈ సవరణను చాలామంది మర్చిపోతారు.

శాంపిల్ వందల్లో ఉండి, అనుపాతం మరీ 0కో 1కో దగ్గరగా లేకపోతే జెడ్ చాలు. చిన్న శాంపిల్‌కైతే నా ఓటు బైనామియల్‌కే.