ఉప్పలపాడు పక్షుల చెరువులు: ఆరేళ్లుగా పిల్లలతో వెళ్తున్నవాళ్ల మాట

ఉప్పలపాడు వెళ్లొచ్చి "ఏముంది అక్కడ, రెండు చెరువులు, నాలుగు కొంగలు, ఒకటే కంపు" అన్నవాళ్లు మా చుట్టాల్లోనే చాలామంది ఉన్నారు. ఆరేళ్ల కిందట మొదటిసారి వెళ్లొచ్చినప్పుడు నేనూ అదే అన్నాను. అప్పటి నుంచి ఏటా చలికాలంలో కనీసం ఐదారు సార్లు వెళ్తున్నాం కాబట్టి ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటూ, పిల్లలున్నవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మేముండేది గుంటూరులో. ఉప్పలపాడు పెదకాకాని మండలంలో ఉంటుంది, బండి మీద అరగంట కూడా పట్టదు. విజయవాడ నుంచి వచ్చేవాళ్లకి హైవే మీద పెదకాకాని ఎలాగూ దారిలోనే కాబట్టి, చాలామంది అక్కడి శివాలయం చూసుకుని ఇటు వస్తుంటారు. మొదటిసారి మేము చేసిన తప్పు ఏంటంటే మే నెలలో, అదీ మిట్టమధ్యాహ్నం వెళ్లడం. పాపకి అప్పుడు నాలుగేళ్లు. ఎండ మాడిపోతోంది, గూళ్లు సగానికి పైగా ఖాళీ, రెట్టల వాసనకి పాప ముక్కు మూసుకుని ఏడుపు మొదలుపెట్టింది. పావుగంటలో తిరిగొచ్చేశాం.

ఇంటికొచ్చి చెబితే మా మామయ్యగారు, ఆయన తెనాలి వైపు పల్లెలో పొలాల మధ్య పెరిగిన మనిషి, "కొంగల్ని చూడ్డానికి మధ్యాహ్నం వెళ్తారా అమ్మా? అవి తిండికి పోయే వేళ కదా. పొద్దు వాలేటప్పుడు గూటికొస్తాయి, అప్పుడు చూడాలి" అన్నారు. ఆ మాట పట్టుకుని నవంబర్లో ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆయన్ని కూడా తీసుకుని వెళ్లాం. నిజం చెప్తున్నాను, అది వేరే చోటులా అనిపించింది. ముందు నలుగురైదుగురు వచ్చినట్టు విడివిడిగా వచ్చాయి, తర్వాత బారులు బారులు, పొలాల వైపు నుంచి ఆకాశంలో గీతలు గీసినట్టు వస్తూనే ఉన్నాయి. రెండు మీటర్లకు పైనే రెక్కల వెడల్పు ఉండే గూడబాతు (పెలికాన్) మన తల మీదుగా కిందికి దిగుతుంటే రెక్కల చప్పుడు వినిపిస్తుంది, వాలగానే కొమ్మ మొత్తం ఊగిపోతుంది. అమ్మానాన్నలు వాలగానే పిల్ల కొంగలు తిండికోసం చేసే గోల చెప్పలేను, మా పాప "అమ్మా, స్కూల్లో లంచ్ బెల్ కొట్టినట్టుంది" అంది. పెలికాన్ పిల్ల అయితే తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేసి చేపలు తింటుంది. అది చూసి మా పాప మొదట భయపడింది, తర్వాత అక్కడి నుంచి కదల్లేదు.

ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి గూడబాతు, అంటే పెలికాన్, బూడిద రంగులో ఉండి పైముక్కు మీద చిన్న చిన్న మచ్చలు ఉంటాయి. రెండోది ఎర్రకాళ్ల కొంగ, పసుపు ముక్కు, నారింజ రంగు తల, తోక దగ్గర ఎవరో రోజా రంగు పూసినట్టు ఈకలు. ఇవి కాకుండా తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు), నీటికాకులు, ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించే నత్తగుల్ల కొంగలు, గట్టు పక్కన కదలకుండా నిలబడే గుడ్డికొంగలు ఉంటాయి. ఎగిరేటప్పుడు గుర్తుపట్టడం పిల్లలకి ఇలా నేర్పండి: మెడ ముందుకు చాపి ఎగిరితే ఎర్రకాళ్ల కొంగ, మెడ వెనక్కి ముడిచి ఎగిరితే గూడబాతు. ఇదొక్కటి తెలిస్తే చాలు, ఐదేళ్ల పిల్లలు కూడా గంటసేపు ఆడుకుంటారు.

చాలామంది అక్కడ నిలబడి "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయి" అని పిల్లలకి చెప్తుంటారు, నేనూ చెప్పాను. అది సరికాదు. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ మన దేశం పక్షులే, నీళ్లు, చేపలు ఎక్కడ దొరికితే అక్కడికి మన దగ్గరే తిరుగుతూ, గుడ్లు పెట్టే కాలానికి ఇలాంటి చెరువులకి చేరతాయి. నిజంగా ఉత్తరాన ఉన్న దేశాల నుంచి హిమాలయాలు దాటి వచ్చేవి చలికాలపు బాతులు. చలికాలంలో కొన్ని సాయంత్రాలు గులాబీ రంగు గోరింకలు గుంపులుగా వస్తాయి, అవి మధ్య ఆసియా వైపు నుంచి వస్తాయి. ఈ తేడా తెలిశాక నాకు ఆ కొంగల మీద ఇంకా ఇష్టం పెరిగింది, మన చెరువుల్లో పుట్టి మన కాలవల్లో తిని మన ఊళ్లోనే పిల్లల్ని పెంచుకునేవి కదా.

ఎర్రకాళ్ల కొంగ అంటారు గానీ చాలాసార్లు కాళ్లు తెల్లగా కనిపిస్తాయి. రెండో ఏడు మా పాప అడిగింది, "తాతయ్యా, ఎర్రకాళ్లని పేరు పెట్టి కాళ్లు తెల్లగా ఉన్నాయేంటి?" అని. ఆయనకీ తెలియదు. తర్వాత చదివి తెలుసుకున్నాం. ఎండ ఎక్కువైతే అవి తమ కాళ్ల మీదే రెట్ట వేసుకుంటాయి, ఆ తడి ఆరుతూ ఒంటి వేడి తగ్గిస్తుంది. మధ్యాహ్నం గూట్లో పిల్లలుంటే తల్లి రెక్కలు విప్పి వాటికి నీడ పట్టి నిలబడుతుంది. ఇంకో విషయం, ఇది చేపని కళ్లతో చూసి పట్టదు. ముక్కు కొంచెం తెరిచి నీళ్లలో ఇటూ అటూ ఊపుతూ పోతుంది, ఏదైనా తగిలితే టక్కున మూసేస్తుంది. ఇవి విన్న తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే పిల్లలు చూసే తీరే మారిపోతుంది.

చెరువుల్లో చెట్లతో పాటు చెట్టులా ఏర్పాటు చేసిన స్టాండ్లు ఉంటాయి, వాటి మీద కూడా గూళ్లు కట్టుకున్నాయి. మొదట చూసినప్పుడు అందంగా లేవనిపించింది. కారణం తెలిస్తే అలా అనరు. వేల పక్షులు ఏళ్ల తరబడి ఒకే చెట్టు మీద ఉంటే ఆ రెట్టలకి చెట్టు ఎండిపోతుంది, చెట్టు పోతే గూడు పోతుంది. అందుకే ఆ ఏర్పాటు. ఆ పక్షులు ఊరి చెరువునే ఇల్లు చేసుకున్నాయంటే అందులో ఊరివాళ్ల ఓపిక చాలా ఉంది, ఆ వాసన మనకి గంటసేపే, వాళ్లకి రోజూ.

ఇప్పుడు వెళ్లేవాళ్లకి నా సలహాలు. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. డిసెంబర్ తర్వాత గూళ్లలో పిల్లలు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి మాకు జనవరి అంటే ఇష్టం. సాయంత్రం నాలుగింటికల్లా అక్కడుంటే చీకటి పడేదాకా చూడొచ్చు, లేదంటే పొద్దున్నే. వాసన ఉంటుంది, అది పోదు, పది నిమిషాలకి అలవాటవుతుంది. టోపీ తప్పనిసరి, ఎందుకో చెప్పనక్కర్లేదు. ముదురు ఆకుపచ్చ, బూడిద రంగు బట్టలు మంచివి. తాగే నీళ్లు, తినేవి ఇంటి నుంచే తీసుకెళ్లండి, మేము పులిహోర డబ్బాలో పెట్టుకెళ్తాం, కవర్లు మళ్లీ ఇంటికే తెచ్చుకుంటాం. చీకటి పడే వేళకి దోమలు బాగా కుడతాయి, పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు వేయండి.

బైనాక్యులర్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అక్కడ డబ్బు పోగొట్టుకున్నాం. ఆన్‌లైన్లో ఒకటి కొన్నాం, డబ్బా మీద వంద రెట్లు దగ్గరగా చూపిస్తుందని రాసి ఉంది, చూస్తే అంతా మసక, చెయ్యి కొంచెం కదిలినా పక్షి కనిపించదు. వెనక్కి తీసుకోమంటే అమ్మినవాళ్లు తీసుకోలేదు. తర్వాత మావారి ఆఫీసులో ఒకాయన చెబితే 8×42 అని రాసి ఉన్నది కొన్నాం. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు, అందువల్ల సాయంత్రం వెలుతురు తగ్గినా బాగానే కనిపిస్తుంది. పెద్ద నంబరు చూసి మోసపోకండి, చేతిలో నిలిచేది కావాలి. చిన్నపిల్లలకి మోచేతులు రెయిలింగ్ మీద ఆనించి చూడమని చెప్పండి.

ఈ ఆరేళ్లలో నాకు నిజంగా కోపం వచ్చింది కొందరు చూడ్డానికి వచ్చేవాళ్ల మీద. రీల్ కోసం పక్షులన్నీ ఒక్కసారి ఎగరాలని చప్పట్లు కొడతారు, ఈలలు వేస్తారు, ఒకసారి రాయి విసిరినవాడినీ చూశాను. పెద్ద పక్షులు లేచిపోతే గూట్లో గుడ్లకి, కళ్లు తెరవని పిల్లలకి ఎండ తగులుతుంది, కాకులు కాచుకుని ఉంటాయి. పోయిన జనవరిలో ఒక కుర్రాడు అలాగే చప్పట్లు కొడుతుంటే మా పాప తనంతట తనే వెళ్లి "అన్నయ్యా, అలా చేస్తే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి" అని చెప్పింది. ఆ అబ్బాయి ఆపేసి, తర్వాత మా బైనాక్యులర్ అడిగి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆ రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఉరుకులు పరుగులు, బోటు షికారు కావాలనుకునే రోజున మేము విజయవాడలో భవానీ ద్వీపం వెళ్తాం, కృష్ణ మధ్యలో 133 ఎకరాలు, పిల్లలు అలిసిపోయేదాకా తిరగొచ్చు. కొల్లేటి దగ్గర ఆటపాకలో గూడబాతులు ఇంకా ఎక్కువ, ఒకసారి వెళ్లాం, చాలా బాగుంది గానీ దానికి రోజంతా పెట్టుకోవాలి. ఉప్పలపాడు అలా కాదు. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, ఒక కునుకు తీసి, అప్పుడు అనుకుని కూడా వెళ్లొచ్చు. మళ్లీ మళ్లీ వెళ్లగలిగేంత దగ్గరగా ఉండటమే నాకు దాని గొప్పతనం, ఒక్కసారి చూసి తేల్చేసేది కాదు.

పాపకి ఇప్పుడు పదేళ్లు. ఒక పాత నోట్‌బుక్‌లో ప్రతిసారీ తేదీ వేసి ఏమేం చూసిందో రాస్తుంది. పోయిన ఆదివారం ఒక స్టాండ్ చివర బాగా పెరిగిన ఎర్రకాళ్ల కొంగ పిల్ల రెక్కలు కొట్టుకుంటూ గూటి మీదే పైకి లేచి కూర్చుంటూ ఉంది, ఇవాళో రేపో ఎగిరేట్టుంది. చీకటి పడేదాకా చూశాం, ఎగరలేదు. వచ్చే ఆదివారం మూడున్నరకే బయల్దేరాలని చెప్పేసింది. మామయ్యగారికి మోకాళ్ల నొప్పి, ఎక్కువసేపు నిలబడలేరు, ఆయన మడత స్టూల్ అప్పుడే కారు డిక్కీలో పెట్టించేశారు.